నాన్న తుంటి, పెద్దనాన్న జంపకాన

కుర్చీలో కూర్చోవడం పొగరు కాదు. ఇది నేను ఫ్యామిలీ గ్రూపులో కూడా పెట్టాను. ఇద్దరు బొటనవేలు చూపించారు, ఒకరు దండం పెట్టారు, ఒక చిన్నాన్న గులాబీ పువ్వు మీద శుభోదయం అని పంపాడు. అప్పుడు సాయంత్రం అవుతోంది. అర్థమైందని మాత్రం ఎవరూ అనలేదు.

గొడవంతా మా పెద్దనాన్న కొడుకు లగ్నపత్రిక ఫొటోల గురించి. ఆ ఫొటోల్లో మా వైపు పెద్దవాళ్ళు, అమ్మాయి వైపు పెద్దవాళ్ళు ఎదురెదురుగా కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. జంపకాన పరిచి ఉంది గానీ దాని మీద ఎవరూ లేరు, పళ్ళాలు మాత్రమే ఉన్నాయి. ఆ ఫొటోల కింద ఒక అత్త వాయిస్ మెసేజ్: "గిదేంది, మనింట్ల లగ్గం పత్రిక కుర్సీల మీద రాసుకున్నరా? గా సిటీ పోరి చేసిన పనే గదా?"

సిటీ పోరి అంటే నేనే. చదువంతా మియాపూర్‌లో అమ్మమ్మ ఇంట్లో ఉండి చదివాను కాబట్టి నాన్న సొంతూరు భానూర్‌లో నాకు ఆ పేరు పడింది. ఇప్పుడు అమ్మ, నాన్న, నేను కిష్టారెడ్డిపేటలో ఒక అపార్ట్‌మెంట్‌లో కిరాయికి ఉంటున్నాం. ఇంట్లోంచే ఒక కంపెనీకి కస్టమర్ చాట్ చూస్తాను. కోపంగా ఉన్నవాళ్ళకి "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని టైప్ చేయడం నా ఉద్యోగం. నా సొంత కోపానికి డ్యూటీ అయ్యాకే టైమ్ దొరుకుతుంది.

కాబట్టి మొదటి నుంచి చెప్తాను. నాన్న బైక్ మీంచి పడలేదు. బాత్రూంలో జారలేదు. ఆయనకి మార్చింది మోకాలు కాదు, తుంటి. ఈ మూడు ముక్కలు నేను ఎంతమందికి చెప్పానంటే, ఇప్పుడు ఎవరైనా ఫోన్ ఎత్తగానే హలో కంటే ముందు ఇవే వస్తున్నాయి.

నాన్న పటాన్‌చెరులో ఒక ఫౌండ్రీలో మోల్డర్. కరిగిన ఇనుము పోయడానికి ఇసుకలో అచ్చులు తయారుచేసే పని. పెద్ద కంపెనీల్లో దీనికి మిషన్లున్నాయి. నాన్న వాళ్ళ షెడ్డులో చేత్తోనే చేస్తారు. ఇసుక బాక్సు నేల మీద ఉంటుంది కాబట్టి మనిషి కూడా నేల మీదే ఉంటాడు. గొంతుక్కూర్చుని ఇసుక నింపాలి, దట్టించాలి, నున్నగా తీర్చాలి. అది అయ్యాక లేవకుండా అలాగే పక్కకి జరిగి ఇంకో బాక్సు. లేవకుండా జరగడంలోనే పనితనం ఉందని అక్కడ అందరి నమ్మకం. నాన్న పొద్దున కూర్చుంటే టీ బెల్లుకే లేస్తాడని తోటివాళ్ళు మా ఇంటికొచ్చి మరీ చెప్పారు. మెచ్చుకోవడానికే చెప్పారు.

అలాంటి మనిషికి మోకాలు నొప్పి వస్తే కారణం ఎవరైనా వెతుకుతారా? షెడ్డులో అందరూ తలో వైద్యం చెప్పారు. ఒకాయన మోకాలి బెల్టు తెచ్చాడు. ఒకాయన ఆవనూనె తెచ్చాడు. ఫౌండ్రీలో వేడి ఇసుకకి కొదవ లేదు కాబట్టి గుడ్డలో మూటకట్టి కాపడం పెట్టారు. మోకాలికి ఎక్స్‌రే తీయించాం, బాగుంది అన్నారు. ఇంకోచోట ఇంకోటి తీయించాం, అదీ బాగుందన్నారు. ఆ ఫొటోల్లో నాన్న మోకాలు నిజంగానే చాలా బాగుంది.

తరవాత మెడికల్ షాపు గోలీలు వచ్చాయి. చిన్న కాగితంలో మడిచి ఇచ్చేవాడు: ఒక పసుపుది, ఒక గులాబీది, ఒక చిన్న తెల్లది. పేరు లేదు, అట్ట లేదు. వేసుకున్న గంటకి నొప్పి మాయం. నాన్న వాటిని భోజనం తరవాత వక్కపొడిలా వేసుకునేవాడు. నెలలు గడిచేసరికి నాన్న ముఖం గుండ్రంగా, నిండుగా తయారైంది. అందరూ సంతోషించారు. భానూర్ వెళ్తే పెద్దనాన్న, అంటే నాన్న అన్న, పైనుంచి కిందికి చూసి "మంచిగైనవ్ తమ్మీ. బిడ్డ నౌకరి చేస్తే గట్లనే ఉంటది" అన్నాడు. అమ్మ ఆ మాటకి మురిసిపోయి ఆ వారమంతా నెయ్యి ఎక్కువ వేసింది.

నేను చూసింది వేరు. నాన్న సాక్సు వేసుకోలేకపోతున్నాడు. కాలి గోళ్ళు అమ్మ తీస్తోంది. బైక్ ఎక్కేటప్పుడు కాలు తిప్పి వేయడానికి బదులు బైక్‌నే తన వైపు పడుకోబెడుతున్నాడు. నడుస్తుంటే కుడివైపుకి ఒరుగుతున్నాడు. ఒకరోజు వరండాలో ఆయన నడక వీడియో తీసి ఆయనకే చూపించాను.

"ఎవరే గా కుంటాయన?" అన్నాడు.

"నువ్వే డాడీ."

"ఊకో. గా కెమెరా వంకర పట్టినవ్."

మర్నాడు సంగారెడ్డిలో ఒక ఎముకల డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాను. డాక్టర్ చిన్నవాడు, నాకంటే కొంచెం పెద్దవాడేమో. నాన్న ప్యాంటు మోకాలి దాకా మడిచి సిద్ధంగా కూర్చున్నాడు. ఆయన మోకాలిని పట్టించుకోకుండా నాన్నని పడుకోబెట్టి, కాలు మడిచి, పాదాన్ని బయటికి లాగి తొడని మెల్లగా లోపలికి తిప్పాడు. ఎర్రగా కాలిన ఇనుము పక్కన ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషి "అమ్మో" అని గోడ పట్టుకున్నాడు.

"గజ్జల్లో నొప్పి ఉంటదా?" అని అడిగాడు డాక్టర్.

"ఉంటది సార్. కాని గది చెప్పుకునే జాగా కాదు గదా" అన్నాడు నాన్న.

నేను, అమ్మ, ఇద్దరు ఎక్స్‌రే వాళ్ళు, ఒక మెడికల్ షాపు, మొత్తం షెడ్డు. ఎవరికీ తెలియకపోవడానికి కారణం ఇదీ.

ఈసారి తుంటికి ఎక్స్‌రే తీశారు. తొడ ఎముక పైన బంతిలా ఉంటుంది, అది కటి ఎముకలో ఉన్న గిన్నెలో కూర్చుని తిరుగుతుంది. అదే తుంటి కీలు. నాన్నకి ఎడమవైపు బంతి గుండ్రంగా ఉంది. కుడివైపుది ఎవరో మీద కూర్చుని లేచిన లడ్డూలా ఉంది. తుంటిలో జబ్బుంటే నొప్పి మోకాల్లో తెలియడం మామూలేనట, రెండింటికీ వెళ్ళే నరం ఒకటే. మనిషి మోకాలు పట్టుకుని వస్తాడు, అందరూ మోకాలినే చూస్తారు.

డాక్టర్ చెప్తుంటే ఫోన్లో రికార్డ్ చేశాను. ఆయన అభ్యంతరం చెప్పలేదు, కాస్త గొంతు సవరించుకున్నాడు కూడా. ఆ బంతికి రక్తం అందక ఎముక చచ్చిపోయిందట. దీనికి తాగుడు ఒక కారణం, ఎక్కువ కాలం వాడిన స్టెరాయిడ్ గోలీలు ఇంకో కారణం, కొందరికి కారణమే దొరకదట. నాన్న కల్లు కూడా పండక్కే తాగుతాడు. డాక్టర్ ఆ కాగితపు పొట్లం విప్పి, చిన్న తెల్ల గోలీని వేలితో పక్కకి జరిపి, "నాకు దీని మీదనే అనుమానం" అన్నాడు. ముఖం గుండ్రంగా అవడం కూడా అందుకేనట. వెంటనే ఆపేయకూడదు, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రావాలట. అమ్మ నాన్న ముఖం వంక చూసింది. ఇన్నాళ్ళూ నెయ్యి అనుకుంది.

"ముందే వస్తే వేరే దారులు ఉండె," అన్నాడు డాక్టర్. మొదట్లో మామూలు ఎక్స్‌రేలో కూడా కనపడదట, ఎంఆర్ఐలో కనపడుతుందట. అప్పుడైతే బరువు పడకుండా కర్ర పట్టుకుని నడవడం, మందులు, లేదంటే ఎముకలోకి సన్నగా రంధ్రం చేసి లోపలి ఒత్తిడి తగ్గించే చిన్న ఆపరేషన్. బంతి కుంగకముందు చేస్తే కొందరికి సొంత కీలు నిలుస్తుంది, అందరికీ కాదు. ఇప్పుడు బంతి కుంగిపోయింది, గిన్నె కూడా అరిగింది. నొప్పి ఓర్చుకోగలిగితే కర్రతో ఇంకొన్నాళ్ళు లాగొచ్చు, తొందరేం లేదు. లేదంటే కీలు మొత్తం మార్చాలి. కొత్త బంతి, కొత్త గిన్నె. బాగా చూసుకుంటే చాలా ఏళ్ళు వస్తుంది, చూసుకోకపోతే రాదు.

నాన్న అంతా విని ఒకటే అడిగాడు.

"మార్చినంక మల్ల కింద కూసోవచ్చా సార్?"

"కుర్చీల ఎంతసేపైనా కూర్చోండి."

"కుర్సీల కాదు సార్. కింద."

"వద్దు. కింద కూర్చోవద్దు, గొంతుక్కూర్చోవద్దు, కాలు మీద కాలు వేయొద్దు. తుంటి తొంభై డిగ్రీలు దాటి వంగొద్దు. ముఖ్యంగా మొదటి నెలల్ల. చుట్టూ కండ గట్టిపడకముందు అట్ల వంగితే బంతి గిన్నెలకెళ్ళి బయటికి జారుతది."

"మరి పని?"

"టేబుల్ మీద చేసేది ఏదన్నా అడగండి."

నాన్న మడిచిన ప్యాంటు కిందికి దించుకున్నాడు. పని పోతుందని బాధపడుతున్నాడేమో అనుకున్నాను. అది కాదు.

"మా అన్న ముంగట కుర్సీల ఎట్ల కూసుంటా సార్?"

డాక్టర్ నా వంక చూశాడు. నేను సీలింగ్ వంక చూశాను.

"మీ అన్నగారిని గూడ కుర్చీల కూర్చోమనండి," అన్నాడు డాక్టర్. నాన్న నవ్వలేదు.

దీన్ని అర్థం చేసుకోవాలంటే భానూర్ ఇంటికి రావాలి. మా తాత తొందరగా పోతే నాన్నని పెంచింది పెద్దనాన్నే. ఆయన మంచం మీదుంటే నాన్న గడప మీద. ఆయన గడప మీదుంటే నాన్న నేల మీద. ఆయన జంపకాన మీదుంటే నాన్న జంపకాన అంచున, సగం బయటికి. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. దీనికి వెనకాల ఇంకో సంగతి ఉంది. మా తాత కాలంలో ఊళ్ళో కుర్చీ ఉన్నది ఒక్క ఇంట్లోనే. దాని ముందు మావాళ్ళంతా నేల మీద కూర్చునేవాళ్ళు. అందుకే మా ఇంట్లో ఎవరైనా పెద్దవాళ్ళ ముందు కుర్చీలో కూర్చుంటే ఇప్పటికీ వచ్చే మొదటి మాట "దొరైనవా?" అని. ఇప్పుడు ఇంటింటికీ ప్లాస్టిక్ కుర్చీలున్నాయి. అవి పిల్లలకి, ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళకి, బట్టలు ఆరేయడానికి.

నాన్న కొన్నాళ్ళు కర్రతో లాగాడు. తరవాత రాత్రి పక్క మీద తిరగడం కూడా కష్టమైపోయి ఆపరేషన్‌కి ఆయనే ఒప్పుకున్నాడు. వెన్నులోకి మత్తిచ్చి చేశారు కాబట్టి లోపల సుత్తి చప్పుడు వినపడిందట. బయటికి తెచ్చాక నాతో అన్న మొదటి మాట అదే.

"మస్తు కొట్టిండ్రు బిడ్డా. అచ్చం మా షెడ్డుల లెక్కనే. కాని చెయ్యి తిరిగినోళ్ళే, ఒక్క దెబ్బ తప్పలే."

మర్నాడే వాకర్ పట్టించి నిలబెట్టారు. ఇంటికొచ్చాక ఇల్లంతా ఎత్తు పెరిగింది. మంచం కాళ్ళ కింద ఇటుకలు, కమోడ్ మీద ఎత్తు సీటు, కూర్చోవడానికి ఎత్తు కుర్చీ, పడుకుంటే కాళ్ళ మధ్య దిండు. కింద ఏదైనా పడితే అలాగే వదిలేయాలి. నాన్న చుట్టూ నేల మీద రిమోట్, టవల్, వార్తాపత్రిక, ఒక చెప్పు ఎప్పుడూ పడి ఉండేవి. తీద్దామని వంగబోతే నేను డాక్టర్ వాయిస్ ప్లే చేసేదాన్ని. "తొంభై డిగ్రీలు దాటి వంగొద్దు." నాన్న ఆ గొంతుకి కరెంటు తగిలినట్టు ఆగిపోయేవాడు.

చూడ్డానికి వచ్చినవాళ్ళ సంగతి చెప్పకుండా ఉండలేను. పక్క ఫ్లాట్ ఆంటీ వాళ్ళది కోస్తా వైపు. అంకుల్ ప్రభుత్వ ఫ్యాక్టరీలో రిటైరయ్యారు.

"మా ఆయనకి రెండూ మార్చారమ్మా. ఇప్పుడు శుభ్రంగా వాకింగ్ చేస్తున్నారు," అంది.

"అంకుల్‌వి మోకాళ్ళు ఆంటీ. నాన్నది తుంటి."

"ఏదో ఒకటిలే. మార్చారుగా!"

పెద్దనాన్న కూడా వచ్చాడు. ముత్తంగిలో ఒక గోదాము దగ్గర వాచ్‌మన్ ఆయన. రోజంతా లారీలు చూస్తాడు, లారీ డ్రైవర్లతో మాట్లాడతాడు. నాన్న తుంటి గురించి ఆయనకొక లెక్క ఉంది. "పాత బేరింగ్ పోయింది, కొత్తది ఏసిండ్రు. ఇగ మొదటి లెక్క కన్న మంచిగ తిరుగుతది. ఏం రంది లేదు తమ్మీ." నేను డాక్టర్ రికార్డింగ్ పెట్టాను. ఆయన శ్రద్ధగా విని, "మంచిగ మాట్లాడుతున్నడు పిలగాడు," అని మెచ్చుకుని వెళ్ళిపోయాడు.

నాన్న వాకర్ వదిలి కర్రకి వచ్చిన రోజుల్లోనే పెద్దనాన్న కొడుకుకి సంబంధం కుదిరింది. భానూర్‌లో వరపూజ పెట్టారు. అమ్మాయి వైపు పెద్దవాళ్ళు, మా వైపు పెద్దవాళ్ళు ఎదురెదురుగా కూర్చుని మాట ఖాయం చేసుకుని తాంబూలాలు మార్చుకోవాలి. పిల్లగాడి బాబాయిగా నాన్న పెద్దనాన్న పక్కన ఉండాల్సిందే. నేను ఇంట్లోంచి ఎత్తు కుర్చీ, దాని మీదకి దిండు క్యాబ్‌లో వేసుకుని వెళ్ళాను.

పెద్దనాన్న ఆ కుర్చీ చూసి, "ఏందే బిడ్డా, మా ఇంట్ల కుర్సీలు లేవనుకున్నవా?" అన్నాడు.

"ఉన్నయి పెద్దనాయినా. పొట్టియి."

"గా ఫోన్ల చదివిందంతా నమ్మకే."

"ఫోన్ల కాదు, డాక్టర్ చెప్పిండు."

"డాక్టర్ గూడ ఫోన్లనే చదువుతడు."

వాకిట్లో పెద్దనాన్న జంపకాన పరిచారు. ఎర్రగళ్ళది, బరువుది, ఇంట్లో ఏ శుభకార్యమైనా అదే. నేను కుర్చీని దాని పక్కనే పెట్టి, నాన్నని కూర్చోబెట్టి, కదలొద్దని వేలు చూపించాను. అంతలో పెద్దమ్మ తాంబూలం పళ్ళెం బయటికి తీసుకెళ్ళమని లోపలినుంచి పిలిచింది.

ఆ కొద్దిసేపట్లో ఏం జరిగిందో నాకు వీడియో చూశాకే తెలిసింది. వీడియో తీసే అతనికి పైనుంచి షాట్ కావాల్సొచ్చింది. ఎత్తుగా, గట్టిగా ఉన్న కుర్చీ వాకిలి మొత్తంలో అదొక్కటే. "అంకుల్, జెర ఒక్క నిమిషం," అన్నాడు. నాన్న మర్యాదగా లేచి ఇచ్చేశాడు. అతను కుర్చీ ఎక్కాడు. ఇప్పుడు పెద్దవాళ్ళంతా జంపకాన మీద ఉన్నారు, నాన్న ఒక్కడే కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. అమ్మాయి తాత, అందరికంటే వయసులో పెద్దాయన, తలెత్తి చూశాడు.

"కూసో అయ్యా. నిలవడ్డవేంది?"

పెద్దనాన్న తన పక్కన జంపకాన మీద చేత్తో తట్టాడు. "రా తమ్మీ."

వీడియోలో నాన్న ఒకసారి కుర్చీ వైపు చూడటం కనిపిస్తుంది. దాని మీద చెప్పులతో వీడియో అతను ఉన్నాడు. మళ్ళీ అన్న చెయ్యి వంక చూశాడు. తరవాత కర్ర పక్కన పెట్టి, పెద్దవాళ్ళ ముందు ఎలా కూర్చోవాలో అలా, అంచున, వినయంగా, మోకాలు లోపలికి మడిచి కిందికి కూర్చున్నాడు.

నేను పళ్ళెంతో బయటికొస్తుంటే టక్కుమని చప్పుడు వినపడింది. నాన్న అరవలేదు. ముఖం తెల్లబడింది. కుడికాలు లోపలికి తిరిగి ఎడమదానికంటే పొట్టిగా కనపడింది. అది చూశాక నేనేం అరిచానో ఇక్కడ రాయను, వీడియోలో ఉంది.

"కాలు పట్టిందేమో, జెర గుంజుండ్రి," అన్నారెవరో. ఒకామె కొబ్బరినూనె తెచ్చింది. నేను నాన్న కాలికి అడ్డంగా కూర్చున్నాను. ఒక చేత్తో అంబులెన్స్‌కి ఫోన్, ఇంకో చేత్తో నూనె గిన్నెని దూరంగా తోయడం. పెద్దనాన్న మాత్రం నాన్న తల తన ఒళ్ళో పెట్టుకుని, "బేరింగ్ కొత్తదే గదా, బేరింగ్ కొత్తదే గదా," అంటున్నాడు.

అంబులెన్స్ వచ్చేలోపు ముహూర్తం దాటిపోతుందని ఒక అత్త గుర్తుచేసింది. నాన్న కళ్ళు తెరిచి, "కానియ్యిండ్రి," అన్నాడు. కాబట్టి తాంబూలాలు మార్చుకున్నారు. జంపకాన మీద ఒక పక్క నాన్న పడుకుని ఉన్నాడు, ఇంకో పక్క మాట ఖాయమైంది. తరవాత అదే జంపకాన నాలుగు మూలలు పట్టుకుని, కాలు కదలకుండా నాన్నని అంబులెన్స్‌లోకి ఎక్కించారు. నాన్నతోపాటు జంపకాన కూడా ఆసుపత్రికి వచ్చింది.

డాక్టర్ అడిగాడు: "పడ్డరా?"

"పడలేదు. కూర్చున్నడు."

"ఎట్ల కూర్చున్నరు?"

వీడియో అప్పటికే నా ఫోన్‌కి వచ్చింది. చూపించాను. ఆయన రెండుసార్లు చూశాడు. కిందికి వెళ్ళే చోట ఆపి, పెద్దది చేసి, "ఏదేది వద్దన్ననో అన్నీ ఒకటేసారి చేసిండు," అన్నాడు. నాకు పంపగలరా అని కూడా అడిగాడు, స్టూడెంట్లకి చూపించడానికట.

మత్తిచ్చి కోయకుండానే లాగి బంతిని మళ్ళీ గిన్నెలో కూర్చోబెట్టారు. కొన్ని వారాలు నడుముకి, తొడకి కలిపి బెల్టు వేశారు, తుంటి ఎక్కువ వంగకుండా. ఆ రోజు డాక్టర్ చెప్పిందీ రికార్డ్ చేశాను. ఒకసారి జారిన కీలు మళ్ళీ జారొచ్చు. జారడం అలవాటైతే మళ్ళీ కోయాలి, ఆ రెండో ఆపరేషన్ మొదటిదానంత సులువు కాదు, తరవాత ఇప్పుడు నడిచినట్టు నడుస్తాడని తను చెప్పలేడు. "నేల మీదికి పోవద్దు. ఎవరు పిలిచినా పోవద్దు," అన్నాడు. ఆ చివరి మాట ఆయన నా వంక కాకుండా నాన్న వంక చూస్తూ అన్నాడు.

వారం తరవాత పెద్దనాన్న మా ఫ్లాట్‌కి వచ్చాడు, జంపకాన తీసుకుపోవడానికి అని చెప్పి. నాన్న ఎత్తు కుర్చీలో బెల్టుతో బిగుసుకుని ఉన్నాడు. పెద్దనాన్న ఎప్పటిలాగే వచ్చి గోడకానుకుని నేల మీద కూర్చున్నాడు. నాన్నకి చెమటలు పట్టాయి. రెండు చేతులూ కుర్చీ చేతుల మీద ఆనించి లేవబోయాడు.

"డాడీ!"

ఆ అరుపుకి పక్క ఫ్లాట్ ఆంటీ తలుపు తీసి చూసింది. నాన్న ఆగాడు. పెద్దనాన్న తమ్ముడి వంక, నా వంక, ఆ బెల్టు వంక చూశాడు. తరవాత తనే లేవబోయాడు. లేవడానికి ఆయనకి గోడ కావాల్సొచ్చింది, కిటికీ ఊచ కావాల్సొచ్చింది. సగం లేచాక ఆగి, ఒక చెయ్యి గజ్జల దగ్గర పెట్టుకున్నాడు.

"పెద్దనాయినా, ఏమైంది?"

"ఏం లేదు. మోకాలు."

"చెయ్యి గక్కడ పెట్టినవ్?"

"మోకాలేనే. ఎక్స్‌రే గూడ తీయించిన. మంచిగనే ఉందన్నరు."

"ఏం మందులు ఏసుకుంటున్నవ్?"

ఆయన చొక్కా జేబులోంచి చిన్న కాగితపు పొట్లం తీశాడు. ఒక పసుపుది, ఒక గులాబీది, ఒక చిన్న తెల్లది. నాన్న దాన్ని కుర్చీలోంచి చూసి, "గది పారెయ్ అన్నా," అన్నాడు. నేను వెంటనే డాక్టర్‌ని అడగకుండా ఆపొద్దన్నాను. నాన్న తన అన్నకి ఏదైనా చెయ్యమని చెప్పడం నేను వినడం అదే మొదటిసారి. పెద్దనాన్న పొట్లం మళ్ళీ జేబులో పెట్టుకుని నాన్న పక్కనున్న కుర్చీలో కూర్చున్నాడు. ఇద్దరూ టీవీ వైపు చూశారు. టీవీ ఆపేసి ఉంది.

"కుర్సీ మంచిగనే ఉందిరా," అన్నాడు పెద్దనాన్న కాసేపటికి.

"ఉంటది అన్నా."

లగ్నపత్రిక రోజుకి నాన్న బెల్టు తీసేశారు, కర్ర ఉంది. అదే వాకిలి, అదే జంపకాన, ఉతికి పరిచారు. అమ్మాయి తాత అందరికంటే ముందొచ్చి దాని మీద కూర్చున్నాడు. నాన్న వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. నేను ఈసారి కుర్చీ చెయ్యి వదల్లేదు. వీడియో అతను నన్ను చూసి దూరంగా వెళ్ళి నిచ్చెన తెచ్చుకున్నాడు. కానీ నాన్న కుర్చీ వంక చూడట్లేదు, జంపకాన వంక చూస్తున్నాడు. కర్ర పక్కన పెట్టడానికి చోటు వెతుకుతున్నాడు. నాకు ఆ కర్ర తప్ప ఇంకేం కనపడలేదు.

అప్పుడు పెద్దనాన్న ఇంట్లోకి గట్టిగా కేక వేశాడు. "కుర్సీలు తెండ్రి! నాకు గూడ!"

తెచ్చారు. బట్టలు ఆరేసినవి కూడా ఖాళీ చేసి తెచ్చారు. పెద్దనాన్న ముందు తను కూర్చున్నాడు. కూర్చున్నాక పక్కన చేత్తో తట్టాడు. నేను ఎత్తు కుర్చీని అక్కడికి జరిపాను. "రా తమ్మీ." నాన్న వచ్చి కూర్చున్నాడు, కాళ్ళు ముందుకి చాపి, డాక్టర్ చెప్పినట్టు. మా వైపు వరస మొత్తం అయిదు నిమిషాల్లో పైకి లేచింది. కింద మిగిలింది అమ్మాయి తాత, ఆయన వైపు వాళ్ళు మాత్రమే. ఆయన కాసేపు మా మోకాళ్ళ వైపు చూశాడు.

"మాకు లేవా కుర్సీలు?" అన్నాడు.

ఇదీ ఆ ఫొటోల కథ. పెద్దనాన్న ఆ తెల్ల గోలీ తగ్గించుకుంటున్నాడు. తుంటికి ఎక్స్‌రే మాత్రం పెళ్ళయ్యాక తీయించుకుంటాడట, పెళ్ళిలో పరేషాన్ ఎందుకని. అపాయింట్‌మెంట్ నేనే తీసుకుని ఉంచాను, ఆయనకి ఇంకా చెప్పలేదు. నాన్న షెడ్డులో ఇప్పుడు బల్ల మీద అచ్చులు చెక్ చేస్తున్నాడు. స్టూల్ మీద కూర్చుంటాడు కాబట్టి తోటివాళ్ళు "సూపర్వైజర్ సాబ్" అంటున్నారు. గ్రూపులో అత్త ఇంకా జంపకాన గురించే అడుగుతోంది. నేను రోజూ ఆఫీసులో టైప్ చేసే వాక్యమే ఆమెకీ పంపాను, చింతిస్తున్నామని. ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నాను: మీ ఇంట్లో మోకాలు నొప్పి అనే మనిషి నేల మీంచి లేచేటప్పుడు చెయ్యి ఎక్కడ పెట్టుకుంటాడో ఒక్కసారైనా చూశారా, లేక చూడకుండానే నాది పొగరంటారా?